రంగుల గుణం తెలిస్తే



క్రిస్మస్‌కు ముందు అమ్రాబాద్‌లో ఒక ఇంటికి వెళ్ళాను. పశువుల పాక వెనుక నిలపడానికి ఆ ఇంటి పిల్లవాడు అట్టమీద మరియమాత బొమ్మ గీశాడు. గీత చక్కగా ఉంది. మేలిముసుగుకు నీలం వేశాడు. అది మరీ చిక్కబడిందని కొంచెం పసుపు కలిపాడు, తరువాత ఎరుపు. చివరికి అమ్మ ముసుగు బురద రంగుకు తిరిగింది. వాడు కుంచె విసిరేసి మూలన కూర్చున్నాడు. "వీనికి బొమ్మలు రావు సారూ, ఇగ బంద్ చెయ్యమన్న" అన్నాడు తండ్రి.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వాని చెయ్యి మంచిదే. రంగుల గుణాలు వానికెవరూ చెప్పలేదు, అంతే. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒక్కచోట చేరితే ఒకదాని వెలుగును మరొకటి మింగేస్తుంది. చిత్రకారుడు పాలెట్ మీద రంగులను దూరదూరంగా పెట్టుకునేది అందుకే.

మీ ఇంట్లో ఉన్న రంగులనే చూడండి. మన పాలమూరు చెల్క నేలల ఎరుపు ఇనుము తుప్పు వల్ల వచ్చింది. గోడలకు, గడపలకు పూసే జాజులో ఉన్నదీ ఆ ఇనుమే. ఇది నెమ్మదైన రంగు. ఎండకు వెలవదు, సున్నానికి చెడదు. ఆదిమానవుడు రాతి గుహల్లో దీనితో వేసిన బొమ్మలు వేల ఏళ్ళు గడిచినా నిలిచి ఉన్నాయి. పసుపు అలా కాదు. చూడగానే కళ్ళకు పండుగే, కాని ఎండలో పెడితే కొద్ది రోజులకే పాలిపోతుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి తల్లికీ తెలుసు. నల్లమలలో విరగబూసే మోదుగుపూల రంగు కూడా అంతే, హోలీ నాటి ముచ్చటే గాని బొమ్మకు నిలవదు.

ఇక నీలం. తెల్లబట్టలకు పెట్టే పొడి నీలం మీకందరికీ తెలుసు. (అవిరి చెట్టు నుండి తీసే నీలిమందు వేరు.) చిత్రకారులు అల్ట్రామెరైన్ అనేది ఈ పొడినే. పూర్వం యూరపులో దీన్ని లాజవర్దపు రాయిని నూరి తీసేవారు. ఆ రాయి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుండి రావాలి. బంగారంతో పోటీపడే ధర! అంత ఖరీదైనది కనుకనే చిత్రకారులు దాన్ని దేవమాత వస్త్రానికని దాచుకునేవారు. దీన్ని చౌకగా తయారుచేసిన వారికి 6,000 ఫ్రాంకులు ఇస్తామని 1824లో ఫ్రాన్సులో ఒక సంఘం ప్రకటించింది. 1828లో గిమే అనే ఆయన ఆ బహుమతి అందుకున్నాడు. రాణుల నగలతో సమానమైన రంగు ఆ తరువాత మన బట్టల బకెట్టులోకి దిగింది.

ఈ నీలానికి సున్నంతో స్నేహం. అందుకే వెల్లవేసేటప్పుడు చిటికెడు కలుపుతారు. ఆమ్లం తగిలితే మాత్రం రంగు విరిగిపోతుంది. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం దీనికి పూర్తిగా ఎదురు. సున్నం దానికి గిట్టదు. పైగా బలవంతుడు. ఆవగింజంత వేసినా పక్కరంగును లోబరుచుకుంటుంది. చూపు ఆకుపచ్చ వైపు కనుక పసుపుతో కలిస్తే లేత ఆకు రంగు వస్తుంది. అల్ట్రామెరైన్ చూపు ఎరుపు వైపు. గులాబి ఎరుపుతో కలిపితే మంచి ఊదా వస్తుంది, పసుపుతో కలిపితే మాసిన పచ్చ.

చేర్యాల నకాషీ చిత్రకారులు ఇవన్నీ బడికి వెళ్ళకుండానే నేర్చారు. చింతగింజల అంబలి, తెల్లమట్టి, బంక కలిపి బట్టకు పూస్తారు. సంప్రదాయంగా గవ్వపొడితో తెలుపు, దీపపు మసితో నలుపు తీసేవారు. వెనుకంతా ఎరుపు నింపి, చివరకు నల్లగీత దిద్దుతారు. ఏ రంగు ఎప్పుడు రావాలో వారికి వరుస ఉంది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పాత రంగుల్లో విషం ఉండేది. హరిదళంలో పాషాణం, ఇంగిలీకంలో పాదరసం, క్రోమ్ పసుపులో సీసం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి అమలైంది. అంతకు ముందటి పెయింటు డబ్బాలు అటకమీద ఉంటే పాక అలంకరించమని పిల్లల చేతికి ఇవ్వకండి. కుంచె మొనను నోటితో తడిపే అలవాటు కూడా మాన్పించండి.

ఒక పని చేసి చూడండి. మీ పిల్లల డబ్బాలోని ప్రతి రంగుతో అట్టమీద ఒక చార గీయించండి. సగం నల్లకాగితంతో మూసి, ఎండపడే కిటికీలో రెండు నెలలు ఉంచండి. కాగితం తీస్తే ఏది నిలిచేదో, ఏది పోయేదో పిల్లలే చెబుతారు.

ఆ పిల్లవాని డబ్బాలో రెండు నీలాలూ ఉన్నాయి. వాడు వేసింది ప్రష్యన్ నీలం. కొత్త అట్ట తెప్పించి, రెండో నీలాన్ని తెలుపుతో మాత్రమే కలపమన్నాను. ఈసారి ముసుగు తేటగా వచ్చింది. తండ్రి ఏమీ అనలేదు. రంగు ఆరేదాకా అట్టను రెండు చేతులా పట్టుకుని గడపలో నిలబడ్డాడు.