ముద్దుపేరు – మూలనామము

ఇల్లందు పట్టణమున ఒక వైష్ణవ గృహము. శిశువు జన్మించిన పదునొకండవ దినమున పురుటిశుద్ధి ముగిసినది. పళ్లెములో బియ్యము పోసి, తండ్రి బంగారు ఉంగరముతో పేరు వ్రాసి, బిడ్డ చెవిలో మెల్లగా మూడుమార్లు పలికెను: వేంకట సీతారామ లక్ష్మీనరసింహాచార్యులు. ఇందు వేంకటశబ్దము ఇలవేలుపుది. సీతారామశబ్దము కీర్తిశేషుడైన పితామహునిది. లక్ష్మీనరసింహశబ్దము మాతామహునిది.

అందరును సంతోషించిరి. పేరు చాల పొడవైనది, పిలుచుటెట్లు అను ప్రశ్న అంతలోనే పుట్టినది. మేనత్త “బంటీ అందము” అనెను. అప్పుడు నాయనమ్మ తలవంచుకొని, “మీరెట్లైనను పిలుచుకొనుడు. వారి పేరు నా నోట ఎన్నడును రాలేదు. ఇప్పుడు పసివానిని ఆ పేరుతో నేనెట్లు కేకవేయుదును?” అనెను. ఎవరును నవ్వలేదు. తల్లికిని అదే చిక్కు. కన్నతండ్రి పేరు పెట్టి బిడ్డను కసరుటకు ఆమెకు నోరు రాదు.

ఇట్టి సంకటము మన గృహములలో క్రొత్తది కాదు. మనుమనికి తాత పేరు పెట్టుట మన ఆచారము. భర్త పేరును, మామగారి పేరును ఉచ్చరింపకుండుట స్త్రీలు తరతరములుగా పాటించిన మర్యాద. ఈ రెండు ఆచారములును ఒకే ఊయల కడ కలిసికొన్నపుడు ముద్దుపేరు అవసరమగుచున్నది. కావున ముద్దుపేరు కేవలము ముచ్చటకొరకు పుట్టినదని తలంపరాదు. పెద్దలయెడ గౌరవమునకును, పసివానియెడ చనువునకును నడుమ అది ఒక వంతెన వంటిది.

శాస్త్రదృష్టి

పొడవైన నామమే శాస్త్రీయమనియు, కురుచ పేరు ఆధునికమనియు కొందరు భావింతురు. ఇది సరికాదు. ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రములు మగశిశువునకు రెండక్షరముల పేరు గాని, నాలుగక్షరముల పేరు గాని తగునని చెప్పినవి. వాల్మీకి రామాయణమున వసిష్ఠమహర్షి దశరథుని కుమారులకు పెట్టిన నామములు నాలుగును చిన్నవే. వానిలో జగత్తును తరింపజేయు నామము రెండక్షరములది.

ఒకే మనుష్యునకు రెండు పేరులుండుటయు ప్రాచీనమే. వ్యవహారనామముతోపాటు, ఉపనయనము వరకు తల్లిదండ్రులు మాత్రమే ఎరిగియుండు అభివాదనీయ నామమును ఆశ్వలాయనుడు పేర్కొనెను.

వ్యాకరణకర్తయైన పాణిని సైతము ఈ విషయమును విడువలేదు. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయమున, అచ్చులు ఎక్కువగా గల మనుష్యనామమును అనుకంపతో పలుకునపుడు రెండవ అచ్చునకు పిమ్మటి భాగమును తొలగించి, ప్రత్యయమును చేర్చు విధానమును చెప్పెను. ఆ విధమున దేవదత్తుడు దేవిక, దేవియ, దేవిల అను రూపములు పొందుచున్నాడు. పూర్వపదమునో, ఉత్తరపదమునో లోపింపజేసి దేవుడనియు, దత్తుడనియు పలుకుటను వ్యాఖ్యాతలు సమ్మతించిరి. మన తెలుగు తల్లులు ఏ సూత్రమును చదువకయే ఇదే చేయుచున్నారు. వేంకటేశ్వరుని వెంకన్న అనుచున్నారు, నరసింహుని నరసన్న అనుచున్నారు, మల్లికార్జునుని మల్లన్న అనుచున్నారు. నామముయొక్క మూలము నిలిచినది, దానికి చుట్టరికము తోడైనది.

సంప్రదాయమున కొన్ని నిదర్శనములు

శ్రీరామానుజులు తమ పినతల్లి కుమారుడైన గోవిందునకు సన్న్యాసాశ్రమమొసగి, ‘ఎంపెరుమానార్’ అను తమ దివ్యనామమునే అనుగ్రహించిరట. అంతటి పేరు ధరించుటకు తాను తగనని తలంచి, గోవిందుడు దానిని ‘ఎంబార్’ అని కుదించుకొనెనని గురుపరంపర చెప్పుచున్నది. ఇచ్చట పేరు కురుచయగుట గౌరవలోపము కాదు, వినయమునకు గుర్తు.

శ్రీకృష్ణునకు గర్గమహర్షి కంసుని భయముచే గోశాలలో రహస్యముగా నామకరణము జరిపెను. పిదప యశోద ఆ బాలుని ఉదరమునకు త్రాడు కట్టినందున దామోదరుడను పేరు వచ్చినది. తల్లి చేతి త్రాటినుండి పుట్టిన ఆ పేరు నేడు మనము ఆచమనమున స్మరించు కేశవాది నామములలో నిలిచినది. ఇంట పుట్టిన పేరును భగవంతుడు చిన్నచూపు చూడలేదు.

ఇక మన ప్రాంతమునే చూతము. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండి భద్రాద్రి ఆలయమును నిర్మించెను. లోకము ఆయనను రామదాసుగా ఎరుగును. అడవిలో స్వామివారి విగ్రహములను కనుగొనిన భక్తురాలిగా స్థలపురాణము స్మరించునది పోకల దమ్మక్కను. అక్క అను ఆ చిన్న పిలుపుతోనే ఆమె చిరస్మరణీయురాలైనది. శ్రీసీతారామచంద్రస్వామిని యాత్రికులు “రామయ్యా” అని పిలుచుచునే మెట్లు ఎక్కుచున్నారు. ఇల్లందునకు సైతము బొగ్గుట్ట అను జనవ్యవహారమొకటి కలదు. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతమున బొగ్గును గుర్తించిన పిమ్మట, నేల ఇచ్చిన పేరది. కాగితములపై ఒక పేరు, నాలుకపై ఒక పేరు ఉండుట ఊళ్లకును కలదు.

జాగ్రత్త వహింపవలసిన విషయములు

అయినను ప్రతి ముద్దుపేరును మేలైనది కాదు. పుట్టిన బిడ్డలు దక్కని ఇండ్లలో, దృష్టిదోషము తగులకుండుటకై పెంటయ్య, పుల్లయ్య యని పూర్వులు పేరులు పెట్టెడివారు. ఆ మోటుపేరుల వెనుక తల్లి కన్నీరున్నది. అట్టి కారణమేమియు లేక, బిడ్డ వర్ణమునో, అవయవలోపమునో, నత్తినో పట్టుకొని పిలుచుట ముద్దు కాదు, గాయము. ఇంట సరదాగా పలికినది బడిలో ఎగతాళి యగును. బిడ్డ పెద్దవాడైనను అది వెంటాడును.

మరియొక విషయము. అజామిళుడు తన కడగొట్టు కుమారునకు నారాయణుడని పేరు పెట్టెను. అవసానమున పుత్రుని పిలిచిన పిలుపే అతనిని కాపాడెను. కాని కథ అంతటితో ముగియలేదు. అతడు పశ్చాత్తప్తుడై గంగాద్వారమునకు పోయి భగవద్ధ్యానమున శేషజీవితమును గడపెను. నామము ద్వారమును తెరచును. లోనికి నడువవలసినవారము మనమే. కావున బిడ్డకు దేవుని పేరు పెట్టితిమి గదాయని తృప్తిపడక, ఆ పేరు అర్థమును, అందలి కథను వానికి చెప్పవలెను.

ముద్దుపేరు మూలనామమును మ్రింగివేయరాదు. దినమునకొకమారైనను బిడ్డచేత పూర్తిపేరు పలికింపుడు. ఉపనయనమైన పిదప అభివాదమున గోత్రప్రవరలతో ఆ నామమునే చెప్పవలసియుండును. సమాశ్రయణమున ఆచార్యుడు దాస్యనామమును అనుగ్రహించును. పత్రములలో సైతము జాగ్రత్త అవసరము. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి పేరు లేకయే జననమును నమోదు చేయించి, పండ్రెండు నెలలలోగా రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును. తొందరపడి ముద్దుపేరును వ్రాయింపక, నిర్ణయించిన పూర్తిపేరును అన్ని పత్రములలో ఒకే విధముగా వ్రాయించుట మేలు.

ఇల్లందు గృహమున ఏమి జరిగినది? సీతారామశబ్దము నాయనమ్మ పలుకరాదు. లక్ష్మీనరసింహశబ్దముతో తల్లి కసరలేదు. మిగిలినది వేంకటశబ్దము. నాయనమ్మ పసివానిని ఒడిలోనికి తీసికొని “వెంకన్నా” అని పిలిచెను. ఇలవేలుపు మాత్రము ఎవరు ఎట్లు పిలిచినను కోపింపడు. సాయంకాలము దీపము పెట్టిన పిదప తండ్రి బిడ్డ చెవిలో పూర్తిపేరు చెప్పవలెననియు, ఆ సమయమున తాను ప్రక్కనుండి చెవులార విందుననియు ఆమె కోరెను. తన నోట పలుకరాని ఆ పేరును ప్రతిదినము వినుట ఆమెకు దక్కినది.

మీ యింట ఊయల కట్టునపుడు మీరును ఈ రెండింటిని సమకూర్చుకొనుడు: పిలుచుటకు ఒక తీయని పేరు, తలచుటకు ఒక పవిత్రనామము. మొదటిది రెండవదానినుండి పుట్టినచో ప్రతి పిలుపును నామస్మరణమే యగును.