ఋతువు – దేహము తెలుపు అదను

“ఋతువు” అను పదమునకు మన నిఘంటువులలో రెండర్థములు కలవు. ఒకటి వసంతాది కాలవిభాగము, రెండవది స్త్రీ రజస్సు. విత్తుటకు అదనున్నట్లే గర్భధారణకును అదను కలదు. దానిని దేహమే తెలుపు తీరును ఇచట సంగ్రహముగా వివరింపదలచితిమి. రేపు గృహస్థులు కానున్న విద్యార్థులకు ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు, తెలిసికొనవలసిన విషయము.

సాధారణముగా నెలకొక అండము విడుదలగును. అది జీవించునది 12 మొదలు 24 గంటలు మాత్రమే. పురుషుని బీజకణములు అనుకూల స్థితిలో స్త్రీ దేహమున 5 దినముల వరకు జీవింపగలవు. కావున అండము విడుదలగు దినమును, దానికి ముందటి 5 దినములును గర్భధారణకు తగిన కాలము.

ఆ దినము బహిష్టు మొదలైన 14వ నాడని పలువురు తలంతురు. ఇది అందరికిని వర్తింపదు. రాబోవు బహిష్టునుండి వెనుకకు సుమారు 14 దినములు లెక్కింపవలెనని జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అను వైద్యులు 1920ల దశాబ్దమున తెలిపిరి. 28 దినములకు బహిష్టగు స్త్రీకి అది సుమారు 14వ నాడైనచో, 35 దినములకగు స్త్రీకి సుమారు 21వ నాడగును. అయితే రాబోవు బహిష్టు తేదీ ముందుగా నిశ్చయముగా తెలియదు కదా! అందుచేతనే దేహసంకేతములను గమనింపవలెను.

మొదటిది స్రావము. బహిష్టు ఆగిన పిదప పలువురికి కొన్నాళ్లు పొడిగా నుండును. తరువాత స్రావము జిగటగా కనబడి, అదను సమీపించిన కొలది తేటయై, పచ్చి కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగును. బీజకణముల ప్రయాణమునకు ఇదియే తోడ్పడును. ఇట్టి స్రావమున్న దినములే ముఖ్యమైనవి. దురద, దుర్వాసన ఉన్నచో అది వ్యాధిలక్షణము; వైద్యుని చూడవలెను.

రెండవది ఉష్ణోగ్రత. ఉదయము మేల్కొనగనే, పడక దిగకముందే థర్మామీటరుతో చూచి వ్రాసికొనవలెను. అండము విడుదలైన పిదప అది 0.2 మొదలు 0.5 సెంటీగ్రేడు డిగ్రీల వరకు పెరిగి, బహిష్టు వరకు నిలుచును. స్రావము రాబోవుదానిని సూచించును. ఉష్ణోగ్రత జరిగినదానిని ధ్రువపరచును. జ్వరము, నిద్రలేమి ఈ లెక్కను తారుమారు చేయును గాన, రెండు మూడు నెలలు వరుసగా గమనించిననే క్రమము తెలియును.

ఈ సంకేతములు బీజకణముల బలమును గాని, గర్భనాళముల స్థితిని గాని తెలుపజాలవు. ఒక సంవత్సరము, స్త్రీకి 35 ఏండ్లు దాటినచో 6 నెలలు, ప్రయత్నించియు గర్భము నిలువనిచో దంపతులిద్దరును వైద్యుని చూడవలెను. బహిష్టులు మిక్కిలి క్రమము తప్పినచో అంతవరకును ఆగరాదు.

తెలుగున “గొడ్రాలు”, ఉర్దూలో “బాంఝ్” అను మాటలు స్త్రీనే అంటిపెట్టుకొని యున్నవి. పురుషునికి అంతగా వాడుకలోనున్న మాట రెండు భాషలలోను లేదు. కాని దోషము పురుషునియందుండుట అరుదు కాదు. అతని వీర్యపరీక్ష స్త్రీ పరీక్షలకంటె సులభము. ఆ పరీక్ష కాకమునుపే కోడలిపై నింద మోపి, రెండవ పెండ్లి మాటలాడు ఇండ్లు నేటికిని కలవు. చదువుకొన్న మనము మొదట విడువవలసినది ఆ మాటలనే.