పాతిక చేపలు చాలు

ఆకివీడు

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. మూడొంతులు కొట్టేశాను, కోప్పడకు. పెరట్లో చేపలూ ఆకుకూరలూ ఒకే నీళ్లతో పెంచాలన్న ఆలోచన మాత్రం నచ్చింది. ఇక్కడ చెరువు గట్ల మీద కొబ్బరీ అరటీ ఆ నీళ్లు తాగే ఏపుగా ఉంటాయి. నువ్వు చెయ్యబోయేదీ అదే, కాకపోతే మోటారు పెట్టి అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిప్పుతావు. కానీ 1000 లీటర్ల తొట్టికి 100 చేపపిల్లలు అని రాశావు చూడు, నీ ఖర్చంతా అక్కడే పుట్టింది. పెద్ద మోటారు, రెండు ఏరేటర్లు, డ్రమ్ము ఫిల్టరు, ఇన్వర్టరు అన్నీ ఆ వంద చేపల కోసమే. పాతికకి దిగు. పాతిక చేపలు ఒక్కోటి అరకిలో అయినా అంతా కలిపి పన్నెండున్నర కిలోలు. నువ్వొక పూట ఏమరినా నీళ్లు తట్టుకుంటాయి. వంద చేపలంటే 50 కిలోలు, రాత్రింబవళ్లు కాపలా కాసేవాళ్లు చేసే పని అది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. కూర కోసమే అయితే బజార్లో శీలావతి కొనుక్కోవడం చౌక. మృగశిర కార్తెకి నీ తొట్టిలో చేపలతోనే పులుసు పెడతానని అల్లుడికి మాటివ్వకు. నీకు వారం వారం చేతికొచ్చేది ఆకుకూర. చేపలు దానికి ఎరువు తయారుచేసే పనివాళ్లు.

తొట్టికి ప్లాస్టిక్ ట్యాంకు కొత్తది అక్కర్లేదు. బావుల్లోకి దించే సిమెంటు ఒరలు, నాలుగడుగుల వెడల్పువి, అడుగు ఎత్తువి మూడు పేర్చి అడుగున కాంక్రీటు వేయిస్తే 1000 లీటర్లకు కాస్త పైనే పడుతుంది. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతుంది కాబట్టి రెండు వారాల పాటు నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపు. ఇనుప చట్రంలో ఉండే తెల్ల ట్యాంకులు పాత సామాన్ల కొట్లో దొరుకుతాయంటావు, నిజమే. అయితే మీ ఊళ్లో మందుల కంపెనీలు చాలా. అందులో ముందు ఏం పోశారో చెప్పలేని ట్యాంకు ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. ఏదైనా సరే నేల మీదే పెట్టు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు.

మొక్కలకి 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు నిలువునా కోయిస్తే నాలుగు తొట్లు. నిండా 20 ఎం.ఎం. కంకర. ఒక్కో తొట్టి 150 కిలోలు దాటుతుంది, కింద సిమెంటు ఇటుకలు పేర్చు, సన్నని ఇనుప స్టాండు వంగిపోతుంది. కంకర నల్లరాయిదే కావాలి. నాపరాయి ముక్కలు కలిశాయేమో చూడటానికి గుప్పెడు రాళ్ల మీద వెనిగర్ పొయ్యి. బుసబుస నురగ వస్తే అది సున్నపురాయి, వద్దు.

మోటారుకి కూలర్ పంపు చాలు. గంటకి వెయ్యి లీటర్లు, అదీ నీ తొట్టి ఎత్తుకి ఎక్కించి పోయాలి, నేల మీద పోసే లెక్క కాదు. అట్టపెట్టె మీద రాసి ఉంటుంది, చదివి కొను. చిన్న ఏరేటరు బ్యాటరీతో నడిచేది ఒకటి ఉండాలి, కరెంటు పోయిన తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తకుండా. కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాకే ప్లగ్గు పెట్టు. స్విచ్చి ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టకు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

డబ్బు పెట్టాల్సిన ఇంకో వస్తువు నువ్వు జాబితాలో రాయనే లేదు. అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే కిట్టు. అక్వేరియం కొట్లో అడుగు. చేప విడిచేది అమోనియా. కంకరకి పట్టిన సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి తిండి. ఆ జీవులు కంకర మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, చలికాలంలో ఇంకా ఎక్కువ. ఈలోగా చేపలు వెయ్యొద్దు. తొట్టి నింపి, మోటారు తిప్పుతూ, రోజూ చిటికెడు మేత నీళ్లలో కుళ్లనివ్వు. అమోనియా పెరుగుతుంది, అది దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది. రెండూ సున్నాకొచ్చి నైట్రేట్ కనిపించాలి. తొందరపడి మా చెరువు నీళ్లు క్యాన్లో పట్టుకెళ్తానంటావేమో, వాటితో చేపల పేను కూడా వస్తుంది. చెరువులో అయితే పేనుకి మందు కొడతాం, కూరల తొట్టిలో కొట్టలేవు. తెలిసినవాళ్ల అక్వేరియం ఫిల్టరు స్పాంజి పిండి పోసుకో, చాలు.

నీళ్లు నల్లావైతే క్లోరిన్ పోయేదాకా రెండు రోజులు ఏరేటరు పెట్టి తెరిచి ఉంచు. బోరువైతే పీహెచ్ చూడు. 8 దాటితే ఉన్న కాస్త అమోనియా కూడా ఎక్కువ విషం, పైగా మొక్కలకి ఇనుము అందదు, లేతాకులు పసుపుపచ్చగా, ఈనెలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. మేడ మీది వాన నీళ్లు కలుపు. అప్పటికీ పసుపు తగ్గకపోతే చిలేటెడ్ ఐరన్ కొంచెం.

చేపల్లో మొదటి విడతకి బంగారుతీగ తీసుకో, మొండిది. బొచ్చెకి నీళ్లలో పుట్టే నలుసులు కావాలి, నీ తొట్టిలో ఉండవు. కొర్రమీను కరెంటు పోయినా బతుకుతుంది, పైకొచ్చి గాలి పీలుస్తుంది, కానీ ఎగిరి దూకుతుంది, పక్కదాన్ని మింగుతుంది. తిలాపియా పెంచాలంటే అనుమతి కావాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దేశంలోనే నిషేధం, ఎవరు అంటగట్టినా వద్దు. మేత తేలేదే వాడు, ఐదు నిమిషాల్లో తిన్నంత. మేం కొల్లేటి చుట్టూ చిల్లుల సంచుల్లో తవుడూ చెక్కా కట్టినట్టు నువ్వు కట్టావంటే మూడో రోజుకే కంపు.

తోటకూర, గోంగూర, పుదీనాతో మొదలుపెట్టు, టమాటా తర్వాత. పురుగు పడితే చేత్తో ఏరడమే. వేపనూనె, సబ్బునీళ్లు సహజమైనవే కదా అని కొట్టకు, కారి నీళ్లలో పడితే చేపలకి చేటు.

మీ అత్తయ్య గోంగూర విత్తనాలు పొట్లం కట్టింది, వచ్చేవాళ్ల చేత పంపుతాను. నైట్రైట్ సున్నాకి దిగిన రోజు కిట్టు రంగు ఫోటో తీసి పంపు, చేపపిల్లలు ఎక్కడ తెచ్చుకోవాలో అప్పుడు చెబుతాను. డ్రమ్ములు కోసేటప్పుడు అల్లుణ్ణి చేతులకి గ్లవుజులు వేసుకోమను.

మీ మావయ్య