జైల్లో మత్తు మానిపిస్తే చాలా?

ప్రశ్న: ట్రమడాల్ మాత్రలకు బానిసైన మా తమ్ముడు సబ్ జైల్లో ఉన్నాడు. అక్కడ అవి దొరకవు కాబట్టి మానేసినట్టే కదా? – ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: కాదమ్మా. కొన్ని వారాలు ఆగితే ఒంటికి మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది; బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు. 2017లో వెలువడిన ఇంగ్లండ్ జైళ్ల అధ్యయనంలో, మత్తుమందుకు బదులుగా వైద్యులిచ్చే బుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ చికిత్సలో ఉండి విడుదలైనవారిలో, ఆ చికిత్స లేనివారితో పోలిస్తే, మొదటి నెల మరణాలు సుమారు 75 శాతం తక్కువ. ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందంటారు కొందరు. సరైన మోతాదులో ఈ మందు కైపెక్కించదు, తహతహను అణుస్తుంది. పక్కదారి పడుతుందన్న భయం మాత్రం సహేతుకమే. సిబ్బంది కళ్లెదుటే బుప్రెనార్ఫిన్ మాత్రను నాలుక కింద కరిగించడం దానికి విరుగుడు. తిహార్ జైల్లో ఈ చికిత్స 2008లోనే మొదలైంది, కోనసీమ ఖైదీకి ఎందుకు అందకూడదు? 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు వ్యసనానికీ, ఖైదీలకూ వర్తిస్తుంది. ఈ చికిత్స కోరుతూ జైలు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. సలహాకు 14446కు ఫోన్ చేయండి.