పండగ మానకు, చిన్నమ్మీ

చిన్నమ్మీ,

నువ్వు ఫోన్లో అన్న మాట మీ అమ్మ నాకు చెప్పింది. నాన్న డయాలసిస్ మీద ఉంటే ఇంటికి నక్షత్రం కట్టుకుని పండగేంటి, ఈ ఏడు క్రిస్మస్‌కి నేను రాను అన్నావట. నీతో ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నా గొంతూ పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

నీ బాధలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో మనిషి నీరసించి పడుకుంటే పండగ ఊసెత్తడానికి నోరు రాదు. విశ్వాసులు ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలనే బోధకుల్ని నేనూ విన్నాను. నమ్మకం గట్టిగా ఉంటే జబ్బే రాదని మైకులో అరిచేవాళ్లనీ విన్నాను. ఊరూరా కిడ్నీ జబ్బున్న మన ఉద్దానంలో నిలబడి ఆ మాట అనడం పాపం. ఇన్నేళ్లుగా నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, జనం రక్తం పరీక్షించారు. ఈ కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఒక్క మాట తేల్చలేకపోయారు. మీ నాన్నకి విశ్వాసం తక్కువై ఈ జబ్బు రాలేదు. ఎవరైనా అలా అంటే నా దగ్గరికి పంపించు.

కీర్తనల గ్రంథం తిరగేసి చూడు, అందులో ఎన్ని ఏడుపులున్నాయో. బబులోనులో చెరపట్టినవాళ్లు పాడమంటే, సితారలు చెట్లకి తగిలించేసి మేం పాడలేమన్నవాళ్లున్నారు. 137వ కీర్తన వాళ్ల మాటని దాచలేదు. కాబట్టి ఏడవొద్దని నేను చెప్పను. పండగ మానొద్దని మాత్రం చెబుతాను. ఏడుపూ పండగా ఒకే ఇంట్లో ఇముడుతాయి.

తిత్లీ తుపాను వచ్చిన ఏడాది నువ్వు హాస్టల్లో ఉన్నావు, ఇక్కడ జరిగింది నీకు సగమే తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. తెల్లారి బయటికొస్తే ఊరు పోల్చుకోలేకపోయాం. కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి పడున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఎన్నేళ్లు పడుతుందో నీకు తెలుసు. కొడుకు పుడితే నాటిన చెట్టు, కూతురు పెళ్లికి అమ్ముకోవచ్చనుకున్న తోట, అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. డిసెంబరులో సంఘం కూర్చుంది. ఈసారి ఆరాధన ఒకటి చేసి సరిపెట్టేద్దామని మా పెద్దలే అన్నారు. అప్పుడు వెనక చాపమీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది. చెట్లూ పోయి, ఇంటి పైకప్పూ పోయిన మనిషి. "చెట్లు పడిపోయాయని యేసయ్య పుట్టడం మానీసేడేటి?" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. పండగ చేశాం.

ఎలా చేశామో కూడా చెప్పాలి. నక్షత్రానికి రంగు కాగితాలు కొనే డబ్బు ఎవరి దగ్గరా లేదు. పడిపోయిన చెట్ల మట్టలు ఊళ్లో పిల్లలు చీల్చి బద్దలు తీశారు. వాటిని పురికొసతో కట్టి, సాయంగా వచ్చిన నీలం టార్పాలిన్ ముక్క చుట్టారు. లోపల బల్బు పెడితే వెలుగు మసకగా, నీలంగా వచ్చింది. క్యారల్స్‌కి వెళ్లినప్పుడు దారికి అడ్డంగా ఉన్న మానులు ఎక్కి దిగుతూ పాడుకుంటూ వెళ్లాం. ప్రేమ విందుకి ఎవరింట్లో మిగిలిన బియ్యం వాళ్లు గిద్దెడో సోలెడో తెచ్చి ఒకే డేకిసాలో పోశారు. కూర వంకాయ, ఎండు రొయ్యలు. పాస్టరుగారు ఆ రోజు హబక్కూకు మూడో అధ్యాయం చదివారు. అంజూరం పూయకపోయినా, పొలంలో పంట లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా దేవునిలో సంతోషిస్తానని ప్రవక్త అనే చోటు అది. అక్కడ కూర్చున్న ప్రతివాడికీ ఆ చెట్ల పేర్లు మన చెట్ల పేర్లుగానే వినబడ్డాయి. చాలామంది ఏడ్చారు, ఆ తర్వాత తృప్తిగా తిన్నారు. నేను చూసిన క్రిస్మస్‌లన్నిటిలో అంత పెద్దది ఇంకోటి లేదు.

కష్టంలో పాడడం మన ప్రాంతంవాళ్లకి కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం చూస్తావు కదా, ఈసారి రాసినవారి పేరు కూడా చూడు. పురుషోత్తమ చౌదరి గారి పేరు ఎన్నిసార్లు తగులుతుందో. ఆయన 1803లో మన పక్క పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ కాలంలో అది ఇల్లూ, కులమూ, బంధువులూ వదులుకోవడం. 1866లో ఒరిస్సానీ అప్పటి మన గంజాం జిల్లానీ ఊడ్చేసిన కరువు కూడా ఆయన బతికుండగానే వచ్చింది. అలాంటి మనిషి నూటికి పైగా కీర్తనలు రాసిపెట్టి 1890లో వెళ్లిపోయాడు. అన్నీ సుఖంగా ఉన్న వేళ కోసం ఆయన ఆగివుంటే మనకి పాడుకోవడానికి పుస్తకంలో సగం ఖాళీ కాగితాలు ఉండేవి.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నువ్వు సండే స్కూల్లో చదివిందే. అందులో సంతోషించమని మళ్లీ మళ్లీ చెబుతాడు, రాసింది మాత్రం బంధకాల్లో ఉండి. ఆ ఫిలిప్పీ ఊరి చెరసాలలోనే అంతకుముందు ఆయనా సీలా దెబ్బలు తిని, కాళ్లకి బొండ వేయించుకుని, అర్ధరాత్రి పాడారు. మిగతా ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆ వినడం గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. గొంతు లేవనివాడికి పక్కవాడి పాటే ప్రార్థన. నువ్వు పాడలేకపోతే పాడకు. గుడిలో మా మధ్య వచ్చి కూర్చో, నీ వంతు మేం పాడతాం. ఒంటరిగా గదిలో కూర్చుంటే ఆ పని మేం చెయ్యలేం.

ఇంకో మాట. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం విని జనం ఏడుస్తుంటే, ఏడవకండి, మంచి భోజనం చెయ్యండి అని చెప్పి పెద్దలు ఊరుకోలేదు. ఏమీ లేనివాళ్లకి వంతులు పంపమన్నారు. పండగకి అసలు ప్రాణం అదే అని నా నమ్మకం. ఇప్పుడు మన కుర్రాళ్లు ఫ్లెక్సీలకీ, డీజే బాక్సులకీ అప్పు చేస్తున్నారు. నాకది నచ్చదు, సంఘంలో ముఖానే చెప్పాను. నువ్వు నీ జీతంలోంచి దుబారా ఏమీ చెయ్యకు. మీ నాన్నతోపాటు పలాస ఆసుపత్రిలో అదే వేళకి డయాలసిస్‌కి వచ్చేవాళ్లున్నారు. వాళ్లలో మన మతంవాళ్లు ఎంతమందో నాకు తెలీదు, అడగాల్సిన పని కూడా లేదు. వాళ్లకోసం ఏదైనా వండి తీసుకెళ్దాం. ఏం వండాలో ముందు అక్కడి నర్సమ్మని అడుగు. ఉప్పు, పప్పు, అరటిపండు, అన్నింటికీ లెక్కుంటుంది. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మీ నాన్న బొండం నీళ్లు తాగకూడని రోజులివి. ఆయన తినగలిగినదే మనందరం తిందాం, ఆ రోజుకి ఇంట్లో వేరే వంట వద్దు. డయాలసిస్ క్రిస్మస్ రోజే పడితే మన విందు ముందురోజు పెట్టుకుందాం. తేదీ గురించి ప్రభువు మనతో గొడవపడడు.

మీ నాన్నని కూడా అడిగాను. నక్షత్రం కట్టమంటారా అంటే, పోయినేడాదిది అటకమీద ఉంది, వైరు ఎలక కొట్టేసింది, కొత్త వైరు తెమ్మని నీకు చెప్పమన్నాడు. బల్బు హోల్డరు కూడా తీసుకురా. 23 రాత్రి క్యారల్స్ మన వీధికొస్తాయి, ఆ సాయంత్రానికి ఇంట్లో ఉండు.

ఇట్లు,
మీ తాతయ్య