పోటీ పరీక్షల ప్రత్యేకం: వాతావరణ మార్పు - స్థానిక జ్ఞానం

వాతావరణ మార్పులను తట్టుకునే చర్యల్లో సంప్రదాయ జ్ఞానానికి, ఆదివాసుల, స్థానికుల అనుభవానికి చోటివ్వాలని 2015 నాటి పారిస్ ఒప్పందం 7వ అధికరణ (5వ క్లాజు) చెబుతోంది. దీనికోసం ఏర్పడిన అంతర్జాతీయ వేదికకు 2018లో పోలండ్‌లోని కటోవిస్ సదస్సు 14 మంది సభ్యుల కార్యబృందాన్ని ఇచ్చింది. అందులో 7 స్థానాలు ఆదివాసీ ప్రతినిధులవి. అభ్యర్థులు 14, 7 అంకెల దగ్గర తడబడకూడదు.

ఇలాంటి స్థానిక జ్ఞానానికి మన ఉదాహరణ జహీరాబాద్. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత, పేద మహిళలు ఒకే చెలకలో జొన్న, కొర్ర, కంది, పెసర వంటివి కలిపి వేస్తారు. వాన వెనకాడితే ఒక పంట పోయినా మరొకటి చేతికొస్తుంది. యాసంగిలో శనగ, కుసుమ, అవిసె నేల పదనుతో, మంచుతోనే పండుతాయి, బోరుతో పనిలేదు. విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన వెదురు బుట్టల్లో దాస్తారు. బ్యాంకు రుణం కన్నా ఈ బుట్టే రైతుకు గట్టి ధీమా అనాలి. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వీరి సంఘం రేడియో 2008లో మొదలైంది.

జహీరాబాద్ ఏ జిల్లాలో ఉందని అడిగితే సంగారెడ్డి అని రాయండి. 2016కు ముందు అచ్చయిన పుస్తకాల్లో మెదక్ అని ఉంటుంది.