శిక్ష పడినవాని కారు బీమా

సమస్య

అయ్యా,

పెడనలో కలంకారీ అద్దకము మా తాతలనాటినుండి మాకు అన్నము పెట్టుచున్న వృత్తి. మా షెడ్డులో అచ్చువేసి ఉడికించి ఆరవేసిన బట్టను మూటలు కట్టి, వారమునకొకసారి నేనే కారులో వేసుకొని బందరు, విజయవాడ దుకాణములకు చేర్చుచుందును. అది ఏడేండ్లనాటి పెట్రోలు కారు, 1197 సీసీది. నాలుగేండ్లుగా దానిమీద ఒక్క క్లెయిమైనను పెట్టియెరుగను.

గడచిన మాఘమాసములో గుడివాడలో మా వియ్యాలవారింట పెండ్లికి పోయి, అక్కడివారి బలవంతమో నా బలహీనతయో గాని, మందు పుచ్చుకొని, రాత్రి పొద్దుపోయిన తరువాత ఒంటరిగా తిరిగివచ్చుచు గుడ్లవల్లేరు దాటిన పిమ్మట పోలీసువారి తనిఖీలో చిక్కితిని. ఎవరికిని గాయము కాలేదు, బండికి గీతయైనను పడలేదు. కోర్టువారు పదివేల రూపాయల జరిమానా విధించి, ఆరు నెలలపాటు బండి నడుపుటకు అనర్హునిగా చేసిరి. జరిమానా కట్టి బయటపడితిని గాని, బజారులో తల యెత్తుకొని తిరుగుటకు ఇంకను మనసొప్పుటలేదు.

వచ్చే నెలలో కారు బీమా గడువు ముగియును. ఎప్పుడును పాలసీ చేయించు ఏజెంటు, “కేసు పడినవారికి ప్రీమియము రెట్టింపు, కొన్ని కంపెనీలు అసలే ఇయ్యవు, మీ ఆవిడ పేరుకు కారు మార్చండి, పైఖర్చు నాకిస్తే పని నేను చక్కబెడతాను” అనుచున్నాడు. డాలసులోనున్న మా మేనల్లుడు ఫోనులో ఇదేమాట చెప్పి, తన స్నేహితునకు ఇట్టి కేసు తరువాత బీమా కట్టలేక కారే అమ్ముకొనవలసి వచ్చినదని బెదరగొట్టినాడు. ఎట్లును ఆరు నెలలు నడపను గదా, అంతవరకు బీమా మానివేసిన ఖర్చు కలిసివచ్చునని నాకొక ఆలోచన. దరిద్రము వదలునట్లు కారును అమ్మివేయుమని మా ఇంటిదాని పోరు. తక్కువ ఖర్చులో గట్టి బీమా దొరకు దారి చెప్పి పుణ్యము కట్టుకొనవలెనని ప్రార్థన.

— ఒక అద్దకపువాడు, పెడన

సలహా

అయ్యా,

మీ ఏజెంటు చెప్పిన రెట్టింపు ధర ఏ పట్టికలోను లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ననుసరించి ప్రతి బండికిని విధిగా ఉండవలసిన థర్డ్ పార్టీ బీమాకు వెల కట్టునది కంపెనీ కాదు, ఏజెంటు అసలే కాదు. బీమా నియంత్రణ సంస్థతో సంప్రతించి కేంద్ర ప్రభుత్వము దానిని నిర్ణయించును. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము వేయి సీసీ దాటి పదునైదువందల సీసీ లోపల నుండు సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, దానిపై పన్ను. మీ కారు ఈ తరగతిలోనిదే. మద్యము ముట్టని పురోహితుడు కట్టునదియు, కోర్టు మెట్లెక్కి దిగిన మీరు కట్టునదియు ఇదే మొత్తము. ఇంతకు మించి యెవడైన అడిగినయెడల, ఏ కంపెనీయైన ఈ బీమా ఇయ్యననినయెడల, ఆ కంపెనీకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, నెల గడచినను పరిష్కారము కానిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. అందుకు రుసుము లేదు.

ఇక మీ బండికే కలుగు నష్టమునకు చేయు బీమా వెలను మాత్రము కంపెనీలు తమ లెక్కను బట్టి వేసికొనును. ఆ లెక్కలోనికి వచ్చునవి బండి విలువ, దాని వయస్సు, ఇంజను పరిమాణము, రిజిస్టరైన ప్రాంతము (హైదరాబాదు, చెన్నపట్నము వంటి మహానగరముల కంటె మన జిల్లాలకు ఇందులో కొంత వెసులుబాటు కలదు), గడచిన యేండ్ల క్లెయిముల చరిత్ర. చలానులను, శిక్షలను లెక్కించి ప్రీమియము పెంచవలెనను ఆలోచన మన దేశములో పుట్టకపోలేదు. నియంత్రణ సంస్థ నియమించిన బృందమొకటి 2021 జనవరిలో అట్టి ముసాయిదాను ప్రకటించి, త్రాగి నడిపినవానికి నూరు పాయింట్లు, నిలుపరాని చోట బండి నిలిపినవానికి పది పాయింట్లు అని తూకము వేసి, మొదట ఢిల్లీలో ప్రయోగించి చూడవలెనని సూచించినది. ఆ తూకము మీ పెడన దాక రాలేదు. అయితే ప్రతిపాదన పత్రములో డ్రైవరుకు పడిన శిక్షలను గూర్చి ప్రశ్న యున్నయెడల ఉన్నదున్నట్లు వ్రాయుడు. అబద్ధపు జవాబు ఈనాడు మీకు పైసా మిగుల్పకపోగా, రేపటి క్లెయిమును త్రోసిపుచ్చుటకు కంపెనీ చేతికి ఆయుధమగును.

మీ మేనల్లుడు అబద్ధమాడలేదు. ఆతడు తన ఊరి సంగతి చెప్పినాడు. అమెరికాలో బీమా వెల బండిని చూచి సగము, నడుపువానిని చూచి సగము నిర్ణయమగును. త్రాగి నడిపి శిక్ష పడినవాడు తనకు బీమా కలదని కంపెనీచేతనే ప్రభుత్వమునకు తెలియజేయించు ఎస్సార్-22 అను ధ్రువపత్రమును టెక్సాసులోనైన రెండేండ్లు, మరికొన్ని రాష్ట్రములలో మూడేండ్లు నిలుపుకొనవలెను. మధ్యలో బీమా తెగినచో లైసెన్సు నిలిచిపోవును. అచ్చట దాదాపు అన్ని రాష్ట్రములలోను రక్తములో నూరు మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల లోపు ఉపేక్షింతురు. మన 185వ సెక్షను 30 దాటనీయదు. మన చట్టము త్రాగుడు విషయమున కఠినము, ప్రీమియము విషయమున మెత్తన.

భార్య పేరుకు మార్చు ఉపాయమును గూర్చి: నాలుగేండ్లు క్లెయిము లేకుండ గడపినవానికి సొంత నష్టపు ప్రీమియములో నూటికి 45 వంతుల తగ్గింపు దక్కును, అయిదవ యేడు నిండినచో అది 50 అగును. ఎన్‌సీబీ యని పిలువబడు ఈ తగ్గింపు మనిషికి చెందునదిగాని కారుకు చెందునది కాదు. కారు మీ ఇల్లాలి పేరుకు మారిననాడు ఆమె సున్నతో మొదలుపెట్టవలెను. పోలీసు కేసు క్లెయిము కాదు గనుక మీ 45 వంతులు చెక్కుచెదరక యున్నవి. లేని రెట్టింపును తప్పించుటకు ఉన్న తగ్గింపును వదలుకొని, పైగా ఆ సేవకు లంచము వంటి పైఖర్చును చెల్లింపుమను ఏజెంటును మార్చుట కారును మార్చుటకంటె సులభము.

ఇంతవరకు చదివి మీరు ఊపిరి పీల్చుకొని యుందురు. కాని నేను భయపెట్టదలచిన చోటు ఇంకను రాలేదు. పాలసీ మీకు చౌకగనే దొరకును; త్రాగి నడిపిననాడు ఆ పాలసీ మీకు పనికిరాదు, దానికి మీరెంత ప్రీమియము కట్టియున్నను సరే. సొంత నష్టపు పాలసీలో, డ్రైవరు మద్యపు మైకములో నున్నపుడు జరిగిన నష్టమునకు కంపెనీ బాధ్యురాలు కాదను షరతు మొదటినుండియు కలదు. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేటు దగ్గర ఒక కంపెనీకి చెందిన పోర్షే కారు ఢీకొని కాలిపోగా, డ్రైవరుకు శ్వాసపరీక్షయు రక్తపరీక్షయు జరుగలేదు గనుక పరిహారమిచ్చి తీరవలెనని యజమానులు ఏండ్ల తరబడి పోరాడినను, పరిస్థితులను బట్టి మైకము రుజువగునపుడు పరీక్షా ఫలితము లేకపోవుట అడ్డుకాదని 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు బీమా కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. యజమాని తానే నడుపునపుడు వర్తించు పదునైదు లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా సైతము మైకములో నున్నవాని కుటుంబమునకు అందదు.

పోర్షే బూడిదయైన కోటీశ్వరుడు మరియొకటి కొనుక్కొనును. గుడ్లవల్లేరు రోడ్డుమీద ఆ రాత్రి మీ యెదుట సైకిలుమీద ఒక కూలివాడు వచ్చియున్నచో ఏమయ్యెడిదో ఆలోచింపుడు. చట్టములో 2019లో చేసిన సవరణ 150వ సెక్షనులో, త్రాగి నడుపుటను కంపెనీ తన రక్షణకై చెప్పుకొనదగిన కారణములలో స్పష్టముగా చేర్చినది. బాధితుని కుటుంబము నిరాశ్రయము కాకూడదని ట్రిబ్యునలు మొదట కంపెనీచేత పరిహారము ఇప్పించి, పిమ్మట ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొమ్మని అనుమతించు పద్ధతి కలదు; అప్పుడు ఆ లక్షల రూపాయలు భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్లు కలెక్టరు మూలకముగ మీ ఇంటినుండి, అద్దకపు షెడ్డునుండి వసూలగును. మీరు 3,416 రూపాయలను గూర్చి నిదుర మానుకొంటిరి. మానుకొనదగినది దీనిని గూర్చి. గుడివాడ పెండ్లిళ్లలోని మందును గూర్చి నేను ఉపన్యసింపను. ఆ చుట్టుపట్ల నిమ్మకూరులోనే పుట్టిన నాటి ముఖ్యమంత్రి రామారావుగారు 1995లో రాష్ట్రమంతట మద్యమును నిషేధించినను రెండేండ్లకే సడలిపోయిన వ్యవహారము నా కలముతో ఆగునా? త్రాగినవానికి పెండ్లివారింట పడుకొనుటకు చాప దొరకును, బందరు పోవు మొదటి బండియు తెల్లవారుజామున దొరకును.

ఈ ఆరు నెలలును మీరు స్టీరింగు ముట్టరాదు. అనర్హత కాలములో నడిపినచో 182వ సెక్షను క్రింద పదివేల జరిమానాయో మూడు నెలల జైలో, ఒక్కొక్కప్పుడు రెండును. అప్పుడు జరిగిన ప్రమాదమునకు పాలసీయు తోడురాదు. కాని సరియైన లైసెన్సు గల మరియెవరైనను మీ కారు నడుపవచ్చును, పాలసీ అందుకు అడ్డుచెప్పదు. జీతపు డ్రైవరును పెట్టుకొందురేని అతనికై యాభై రూపాయల అదనపు ప్రీమియము కట్టి పాలసీలో చేర్పించుడు. ఇంత చౌక రక్షణ ఆ కాగితములో మరియొకటి లేదు. త్రాగి నడుపుచు రెండవసారి దొరికినచో రెండేండ్ల వరకు జైలో, పదునైదువేల జరిమానాయో, లేక రెండునో అని కూడ ఎరిగియుండుడు.

బీమా మానివేయు ఆలోచన మానుడు. గడువు దాటి తొంబది దినములైనచో మీ 45 వంతుల తగ్గింపు తుడిచిపెట్టుకొని పోవును. అది యట్లుండగా, మీరుండునది కృష్ణ సముద్రములో కలియు పల్లపు నేల. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూచినవారు మీ ఇంటిలోనే యుందురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలో నిలిపియున్న కార్లు రోజుల తరబడి నీటిలో నానినవి. వానిని నడపిన డ్రైవరెవడును లేడు. గాలివాన, వరద నష్టము సొంత నష్టపు బీమాలోనే చేరియుండును గాని, నీట మునిగిన ఇంజనును తొందరపడి స్టార్టు చేయుటవలన చెడిన భాగములకు సాధారణ పాలసీ ఇయ్యదు. ఇంజను రక్షణ అను అదనపు కవరు ఉండవలెను. మన ప్రాంతమున తాళపుచెవి పోయినందుకిచ్చు కవర్లను, టైర్ల కవర్లను వదలి ఈ ఒక్కదానిని తీసికొనుట మేలు. వెల తగ్గవలెనన్నచో, నష్టములో తొలి కొంత మొత్తమును తామే భరింతుమని ఒప్పుకొనినవారికి తగ్గింపు కలదు. ఆరు నెలలు తక్కువగా తిరుగు కారు గనుక, తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టు పద్ధతిని, 2022లో నియంత్రణ సంస్థ అనుమతించినదానిని, అడిగి చూడుడు.

మీరు మాటవరుసకు వ్రాసి దాటిపోయిన సంగతియొకటి నన్ను మీ కేసుకంటె ఎక్కువ కలవరపెట్టినది. బట్టల మూటలను కారులో దుకాణములకు చేర్చుచుందునంటిరి. సొంత కారు పాలసీలో వినియోగ పరిమితి యను భాగమును విప్పి చదువుడు. నమూనాలు, సొంత సామాను తప్ప సరుకు మోయుట అందులో మినహాయింపబడి యుండును. వారమునకొక తూరి అయిదారు మూటలతో విజయవాడ పోవుచు, త్రాగకయే, తప్పేమియు లేకయే ప్రమాదములో చిక్కినను, కంపెనీ ఈ వాక్యమును మీ ముందు పెట్టగలదు. నాలుగేండ్లుగా మీకు పాలసీలు అమ్మిన ఏజెంటు మీ వృత్తి యెరిగియు ఈ మాట చెప్పలేదనుట మీ లేఖలో నాకు కనబడిన అన్నిటికంటె పెద్ద లోపము. మూటలను ఆర్టీసీ కార్గోలో గాని, అద్దె గూడ్స్ ఆటోలో గాని పంపుడు; సొంతముగ సరుకు బండి కొనదలచినచో, అద్దె సరుకు మోయు తరగతిలో మూడు చక్రముల దానికి థర్డ్ పార్టీ ప్రీమియము 2022 పట్టికలో 4,492 రూపాయలు, ఏడున్నర టన్నుల లోపు నాలుగు చక్రముల దానికి 16,049 రూపాయలు. ఈ తేడాను మీరే తూచుకొనగలరు.

కారు అమ్మవలెనను మీ ఇంటివారి మాటను నేను కొట్టివేయను. మూటలు వేరొక దారిని పోవునపుడు ఆ కారుతో మీకు నిజముగ నెంత పనియో ఇరువురును కూర్చుండి లెక్క చూచుకొనుడు. ఉంచుకొందురేని, గడువు ముగియుటకు వారము ముందుగానే మూడు కంపెనీల కొటేషనులు తెప్పించి, ఎన్‌సీబీ గడిలో 45 అనియు, రిజిస్టరు యజమాని గడిలో మీ పేరే అనియు ఉన్నవో లేవో చూచిన పిమ్మటనే సొమ్ము కట్టుడు.